నడిచేవాడి ఉన్ని, నిలబడేవాడి ఉన్ని

గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు అని మనకో సామెత ఉంది. ఆ మాట పుట్టాలంటే మనుషులు రోజూ గొంగడి మీద కూర్చుని తినాలి, గొంగడి రోజూ వెంట్రుకలు రాల్చాలి. ఒంటినిండా నూగున్న పురుక్కి కూడా దాని పేరే పెట్టుకున్నవాళ్లం, మనకు గొంగడిని పరిచయం చెయ్యనక్కర్లేదు. దానితో పోల్చబోయే ఫెరన్‌కి మాత్రం రెండు మాటలు కావాలి. కాశ్మీరులో ఆడా మగా తొడుక్కునే వదులైన ఉన్ని అంగీ అది. మోకాళ్లు దాటుతుంది, చేతులు బాగా వెడల్పు. లోపల పూట్స్ అనే పలుచని నూలు అంగీ ఉంటుంది. ఆ లోపలే కాంగ్రీ: సన్నపుల్లలతో అల్లిన బుట్ట, బుట్టలో మట్టికుండ, కుండలో నిప్పులు.

గొంగడికి కోత లేదు, కుట్టు లేదు. దక్కను గొర్రెల నల్లటి ముతక ఉన్నిని కురుమ ఆడవాళ్లు వడికితే, చింతగింజల గంజి పట్టించిన ఆ నూలును గుంటమగ్గం మీద నేస్తారు. కొత్తలో అట్టలా బిర్రుగా ఉంటుంది. మెడకు తగిలితే ముళ్లకంచె తగిలినట్టే. వాడగా వాడగా మనిషికి లొంగుతుంది. తెల్లవారుజామున మంద వెనక బయల్దేరే కాపరి దాన్ని ఒంటికి చుట్టుకుంటాడు, పొద్దెక్కగానే భుజాన వేసుకుంటాడు, జల్లు పడితే ఒక మూల మడిచి నెత్తికి తగిలిస్తాడు, రాత్రి మంద పక్కనే పరుచుకుంటాడు. ఆరుబయట పనిచేసేవాడికి చలి ఎంత శత్రువో చెమట అంత శత్రువు. నడుస్తుండగా తడిసిన నూలు చొక్కా, ఆగిన మరుక్షణం వీపుకి చల్లగా అంటుకుంటుంది. ఉన్ని అలా కాదు, తన బరువులో దాదాపు మూడోవంతు తేమ పీల్చుకున్నా తడిసిన సంగతి ఒంటికి తెలియనివ్వదు. పైగా బొత్తాలు విప్పే పని లేకుండా భుజం ఒక్కసారి విదిలిస్తే గొంగడి జారిపోతుంది. కుట్టు లేకపోవడం పేదరికం అనుకునేవాళ్లు మంద వెనక ఒక్క పూట నడవాలి.

ఫెరన్ నిలబడేవాడిది, కూర్చునేవాడిది. డిసెంబర్ 21న మొదలై 40 రోజులు సాగే చలిని అక్కడ చిల్లై కలాన్ అంటారు. ఆ రోజుల్లో దాల్ సరస్సు మీద తెల్లారకముందే పడవల్లో కూరగాయల సంత నడుస్తుంది. నీళ్ల మధ్య పడవలో కూర్చుని బేరమాడే మనిషికి కదలిక తక్కువ, కాబట్టి ఒంట్లో పుట్టే వేడీ తక్కువే. ఉన్నదాన్ని కాపాడుకుంటే చాలదు, కొత్తగా పుట్టించాలి. అందుకే ఫెరన్ నిప్పుకి వేసిన గుడారం. రాలిన చినార్ ఆకుల్ని కాల్చి చేసిన బొగ్గు కాంగ్రీలో పోస్తారు. నివురు కదపడానికి బుట్టకు చిన్న గరిటె కట్టి ఉంటుంది. చేతులు లోపలికి లాక్కుని కాంగ్రీ పట్టుకుంటే బయట ఖాళీ చేతులు వేలాడుతుంటాయి. మొదటిసారి చూసేవాడు కాస్త కంగారుపడతాడు.

గొంగడి ఏమీ అప్పివ్వదు, ఉన్న వేడినే కాపలా కాస్తుంది. ఫెరన్ అప్పిస్తుంది, కానీ వడ్డీ తీసుకుంటుంది. ఏళ్ల తరబడి పొట్టకి, తొడలకి ఆనించుకున్న కుంపటి వల్ల వచ్చే చర్మపు క్యాన్సర్ గురించి శ్రీనగర్‌లో పనిచేసిన ఎల్మ్‌స్లీ అనే వైద్యుడు 1866లోనే రాశాడు. వైద్యంలో దానికి కాంగ్రీ పేరే స్థిరపడింది. మన గొంగడి చేసే చెడుపు దురద దాటదు. అలాగని మనం మురిసిపోనక్కర్లేదు. ఆదిలాబాద్‌లో ఎప్పుడైనా 5 డిగ్రీల కిందికి దిగితే పత్రికల్లో వార్త. సున్నా కింద వారాల తరబడి ఉండే చోట గొంగడి ఒక్కదాన్నీ నమ్ముకుని కూర్చోలేం.

చిన్నచూపులో మాత్రం ఇద్దరూ చుట్టాలే. కాశ్మీరీల శౌర్యం చల్లార్చడానికి అక్బరు వాళ్లకి ఫెరన్ తొడిగించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. వెచ్చగా ఉన్నవాడు బద్ధకస్తుడే అయివుంటాడన్న అనుమానం తప్ప అందులో నాకేమీ కనిపించదు. అలాగే ఇక్కడ గొంగడి వేసుకున్నవాణ్ణి మొరటువాడనడం పట్నపు అలవాటు. గౌరవంలోనూ ఆ చుట్టరికం తప్పలేదు. అక్కడ జరీ పనిచేసిన ఫెరన్ పెళ్లికూతురి బట్ట అయింది. ఇక్కడ గొంగడి కురుమల శుభకార్యాల్లో పీట అయింది, గాయకుడు గద్దర్ భుజమెక్కి పాట వేషమైంది.

ఇద్దరి దారులూ వేరుపడింది ఈమధ్యే. ఫెరన్ ప్రాణం దాని కోతలో ఉంది. చేతినేత ఉన్ని పోయి మిల్లు ట్వీడు వచ్చినా అది ఫెరనే. శ్రీనగర్ కుర్రాళ్లు జీన్సు ప్యాంటు మీద తొడుక్కుంటున్నారు, కాంగ్రీ లేకున్నా నష్టం లేదు. గొంగడికి ఆకారమే లేదు, ఉన్నదంతా ఉన్నే. ఆ ఉన్నినిచ్చే దక్కను గొర్రె బదులు మాంసం కోసం నెల్లూరు జాతి వచ్చింది. దానికి ఉండేది వెంట్రుకే తప్ప ఉన్ని కాదు. మిల్లు రగ్గు ఎంత నల్లగా ఉన్నా దాన్ని ఎవరూ గొంగడి అనరు. నెల్లూరు మంద వెనక నడిచే కాపరి ఒంటిమీద ఇప్పుడు సంతలో కొన్న జెర్కిన్, చంకలో యూరియా సంచులు కుట్టిన పట్టా. చినుకు పడితే ఆ పట్టానే ఒక మూల మడిచి నెత్తికి తగిలిస్తాడు.