స్లాబులో వదిలేసిన కంత

జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ కొత్త అపార్టుమెంటు చూడ్డానికి వెళ్లినవాళ్లు టైల్సు చూస్తారు, వాస్తు చూస్తారు, బోరు నీళ్లు రుచి చూస్తారు. మెట్ల పక్కనున్న కరెంటు షాఫ్టు తలుపు మాత్రం తీయరు.

నందిగామలో తెలిసినవాళ్ల ఫ్లాటుకు వెళ్లినప్పుడు ఆ తలుపు తీశాను. కింద మీటర్ల దగ్గర్నుంచి పై అంతస్తు దాకా పీవీసీ పైపులు, వాటిని చుట్టుకుని ఇంటర్నెట్ కేబుళ్లు. ప్రతి స్లాబులోనూ జానెడు కంత. ఒకచోట ఖాళీ సిమెంటు సంచి కుక్కారు. మిగతాచోట్ల అదీ లేదు, తలెత్తితే పై అంతస్తు వెలుతురు కనిపిస్తోంది.

"ఇవి మూయరా మేస్త్రీ?" అనడిగితే, "రేపు వైర్లు లాగాలి కదండీ, మూస్తే మళ్లీ పగలగొట్టాలి" అన్నాడు.

ఆయన మాటలో న్యాయముంది. కానీ కింద మీటరు బోర్డు అంటుకున్న రోజున ఆ షాఫ్టు పొగగొట్టమైపోతుంది. మంట కంటే ముందు పొగ పైకొస్తుంది. పీవీసీ కాలితే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ కళ్లనూ గొంతునూ మండిస్తుంది, మెట్లెక్కడున్నాయో కనపడనివ్వదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సు అగ్నిప్రమాదంలో ఆరుగురు యువ ఉద్యోగులు ఊపిరాడకే చనిపోయారు. పొగను ఆపడమంటే ప్రాణాలను కాపాడడమే.

2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్ నాలుగో భాగం ఈ సంగతి స్పష్టంగానే చెప్పింది. కరెంటు కేబుళ్లకు విడిగా షాఫ్టు ఉండాలి. ప్రతి అంతస్తులో దాన్ని మూయాలి. స్లాబు ఎంతసేపు నిప్పుకు తట్టుకుంటుందో ఆ మూతా అంతసేపు తట్టుకోవాలి.

సిమెంటు ఫ్యాక్టరీల నడుమ బతికే మనకు ముందు తట్టేది మాలు. అది పైపు చుట్టూ ఉన్న సందును బాగానే మూస్తుంది. కానీ మంట తగిలాక పీవీసీ పైపే కరిగిపోతుంది, దాని చోట మళ్లీ కంత మిగులుతుంది. అందుకే పైపు చుట్టూ బిగించే ఫైర్ కాలర్ కావాలి. వేడికి లోపలి పదార్థం ఉబ్బి, మెత్తబడిన పైపును నొక్కి దారి మూసేస్తుంది. ఇనుప పైపు కరగదు గానీ దాని మూతి దగ్గరా సీలు ఉండాల్సిందే. మేస్త్రీ చెప్పిన రేపటి వైర్లకూ ఉపాయముంది: ఫైర్ పిల్లోలు, అంటే కంతలో సర్దే, నిప్పుకు తట్టుకునే దిండ్లు. తీసి వైరు లాగి, మళ్లీ సందు లేకుండా సర్దుకోవచ్చు. మామూలు ఫోమ్ డబ్బాతో మాత్రం నింపనివ్వకండి, అది తానే మండుతుంది.

కొనేవాళ్లు రిజిస్ట్రేషన్‌కు ముందే ఈ పని చేయించుకోండి. ఇప్పటికే ఉంటున్నవాళ్లు వచ్చే అసోసియేషన్ మీటింగులో రంగుల ఖర్చు కంటే ముందు దీన్ని రాయించండి.