కోటా, గొడుగా?

పిల్ల నలుగురిలో కలవకపోతే "తల్లి పెంపకం!" అనేయడం ఇరుగుపొరుగులకే కాదు, గొప్ప చదువులవాళ్లకీ అలవాటే. 1967లో షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్' రాసి, ఆటిజానికి తల్లినే దోషిని చేశాడు. అదే ఏడాది క్లారా క్లెయిబర్న్ పార్క్ అనే అమెరికన్ తల్లి, తన నాలుగో సంతానం కథని 'ది సీజ్' పేరుతో రాసింది. జెస్సీని అందులో ఎల్లీ అంది.

నాకు నచ్చిందేమిటంటే, ఆవిడ ఏడవదు. మాట సరిగా రాని పిల్ల అంకెల్లో చూపే తెలివికి మురిసి, గండం గట్టెక్కిందనీ అనుకోదు. చిన్న చిన్న పనులు నేర్పిన వైనం మాత్రం పూసగుచ్చినట్టు చెబుతుంది.

నచ్చనిది పేరే. ముట్టడి అంటే ఎదుట శత్రువుండాలి కదా! చిన్న శబ్దానికే గిలగిల్లాడే పిల్ల తలుపేసుకుంటే అది కోట కాదండీ, గొడుగు. 2001లో రెండో పుస్తకానికి 'ఎగ్జిటింగ్ నిర్వాణ' అని పేరు పెట్టింది. లోపల పిల్లకి సుఖముందని ఒప్పుకున్నట్టే!

జెస్సీ చిత్రకారిణి అయింది, కాలేజీ తపాలా గదిలో ఉద్యోగమూ చేసింది. బొమ్మల్ని అందరూ మెచ్చుకుంటారు. నాకైతే ఆ ఉద్యోగమే గొప్ప.

మన పెళ్లి పందిట్లో ఏ లెక్కల పులో చెవులు మూసుకుంటే తల్లిని అనకండి. మైకు కాస్త తగ్గించమనండి.