శాంపుల్ పట్టుకుపోయినవాళ్లు

తుమ్మలపల్లె చుట్టుపక్కల ‘శాంపుల్’ అనే మాట తెలియని ముసలమ్మ లేదు. బోరు నీళ్లు ఒక సీసా, అరటితోట మట్టి ఒక సంచి, చెయ్యి చాపితే రక్తం. ఎవరెవరో వస్తారు, పట్టుకుపోతారు. కె.కె.కొట్టాల వైపు ఒక పెద్దామె నాతో అంది: “నీళ్లు తీసకపోతాండారు, రక్తం తీసకపోతాండారు. ఏం తేలిందో చెప్పేటోళ్లు మాత్రం రాల్యా సార్.” నేను ఆరోగ్య సర్వేల పని చేసేవాణ్ణి. ఆధారాలతో కూడిన వైద్యం, మూల్యాంకనం అంటూ మేం సమావేశాల్లో చెప్పుకునేవన్నీ ఆమె మాట ముందు నిలబడాలి. నిలబడకపోతే అది మా పనిలో లోపమే.

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం గనికి 2007లో శంకుస్థాపన జరిగింది, శుద్ధి కర్మాగారం 2012లో నడక మొదలుపెట్టింది. ఇక్కడ 49 వేల టన్నుల యురేనియం ఉన్నట్టు తేలిందని, అది లక్షన్నర టన్నుల దాకా పోవచ్చని 2011లో అణుశక్తి విభాగం ప్రకటించాక ఊరి పేరు దేశమంతా తెలిసింది. ఊరివాళ్ల గోడు అంత దూరం పోలేదు. వ్యర్థాలు నిలవచేసే టెయిల్ పాండ్ నుంచి ఊట దిగి బోర్లు చెడిపోయాయని, అరటి దెబ్బతింటోందని, ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయని రైతులు అంటున్నారు. ఊట లేదని, ఈ రాళ్లలో యురేనియం పుట్టుక నుంచీ ఉందని గని నడిపే యురేనియం కార్పొరేషన్ అంటోంది. పాండ్ అడుగున వేయాల్సిన పొర విషయంలో 2019లో కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది.

రాళ్లలో ఉందన్న మాట అబద్ధం కాదు. ఉంది కాబట్టే గని వచ్చింది. అయితే ఆ మాటతో చర్చ ముగియదు, అక్కణ్ణుంచే మొదలవ్వాలి. తవ్వకానికి ముందు ఫలానా బోరులో ఎంత ఉండేది, అదే బోరులో, అదే నెలలో ఇప్పుడెంత ఉంది? ఎండాకాలం నీళ్లు అడుగంటినప్పుడు లవణాలు చిక్కబడతాయి, వానలు పడ్డాక పలచబడతాయి. మే నెల సీసానీ నవంబరు సీసానీ పక్కపక్కన పెట్టి పెరిగిందనీ తగ్గిందనీ అనడం తప్పు, అన్నది ఏ పక్షమైనా సరే.

రైతు మాటలో పరీక్షించదగిన సంగతి ఇంకొకటి ఉంది. “నేల బిగదీసింది, నీళ్లు పెడితే దిగవు, పైన పెచ్చు కడతాంది” అంటాడు. దీన్ని కంప్లయింట్ కింద రాసుకుని వదిలేసిన రిపోర్టులు చూశాను. ఇక్కడి ఖనిజం సున్నపురాయి జాతి రాతిలో ఉంది. ఆమ్లం పోస్తే ఆ రాయే తాగేస్తుంది. అందుకని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంతో, వేడీ ఒత్తిడీ పెట్టి యురేనియాన్ని కరిగిస్తారు. కాబట్టి వ్యర్థంలో సోడియం లవణాలు ఉంటాయి. సోడియం ఎక్కువైన బంకమట్టిలో రేణువులు విడిపోతాయి, ఎండితే పెచ్చు కడుతుంది, నీరు దిగదు. రైతు చెప్పిన లక్షణం అదే. దానికి వేరే కారణమూ ఉండొచ్చు, సాగునీళ్లు మొదటినుంచీ ఉప్పువే కావచ్చు. ఏదన్నది తేలాలంటే యురేనియం ఒక్కటే చూస్తే చాలదు. సోడియం, సల్ఫేటు, క్షారత కూడా చూడాలి, పాండ్‌కు దగ్గరి బోర్లలోనూ దూరపు బోర్లలోనూ చూడాలి. ఎక్కడ వెతకాలో రైతు నోటితోనే చెప్పాడు.

ఇక కొలతల గొడవ. తాగునీటిలో యురేనియం లీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, 2011లో దాన్నే 30 చేసింది. మన అణుశక్తి నియంత్రణ బోర్డు పరిమితి 60. ఒక బోరులో 45 ఉందనుకోండి. ఒక కాగితం ప్రకారం ఆ నీళ్లు తాగొచ్చు, ఇంకో కాగితం ప్రకారం తాగకూడదు. తాగే మనిషి మాత్రం ఒకడే. పైగా ఆరోగ్య సంస్థ ఆ అంకె వేసింది రేడియేషన్‌కు భయపడి కాదు, మూత్రపిండాల మీద ఆ లోహం చేసే రసాయనిక హానిని లెక్కవేసి. అలాంటప్పుడు మెడికల్ క్యాంపు పెట్టి చర్మం చూసి, బీపీ చూసి, లేపనం ఇచ్చి పంపితే మూత్రపిండాల సంగతి ఎవరికి తెలుస్తుంది?

మెడికల్ క్యాంపు మీద నా అభ్యంతరం అదే. వైద్యంగా క్యాంపు మంచిదే, మాత్ర అందని మనిషికి మాత్ర అందుతుంది. కానీ దాన్ని ఆధారంగా చూపడం అన్యాయం. పొద్దున పది గంటలకు బడి ఆవరణలో టెంటు వేస్తే వచ్చేదెవరు? ఇంటిపట్టున ఉన్నవాళ్లు. కూలికి పోయినోళ్లు రారు. పిల్లల చదువనో నీళ్లు బాగాలేవనో పులివెందులకు కాపురం మార్చినోళ్లు అసలే రారు. అలా వెళ్లిపోయిన వాళ్లలోనే జబ్బు ఎక్కువుంటే? వచ్చిన నూరుమందిలో ప్రత్యేకమైన జబ్బేమీ కనపడలేదని రాస్తే అది ఆ నూరుమంది గురించిన మాట, ఊరి గురించిన మాట కాదు.

కాన్సర్ పేరెత్తి భయపెట్టేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. మన దేశంలో ఏటా లక్షమందిలో దాదాపు వందమందికి కొత్తగా కాన్సర్ బయటపడుతుంది. రెండువేల జనాభా ఊరికి ఏడాదికి ఇద్దరు. ఏ గనీ లేని ఊళ్లో కూడా సుమారు ఏడేళ్లకోసారి నలుగురో అంతకన్నా ఎక్కువమందో తేలొచ్చు, కేవలం యాదృచ్ఛికంగా. కాబట్టి ఒక్క ఏడాది నలుగుర్ని చూసి గనిని పట్టుకోలేం, ఒక్కరే ఉన్నారని గనిని వదిలేయనూ లేం. ఒక్క ఊరు చాలదు, పదేళ్ల లెక్క కావాలి. మూత్రపిండాల సంగతి చెప్పే మూత్రంలోని ప్రొటీన్, రక్తంలోని క్రియాటినిన్ అయితే ఈ ఏడాదే చూడొచ్చు.

ఇలాంటి పని తెలుగునేల మీద జరగలేదా అంటే జరిగింది. నీళ్లలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను బిగించేస్తోందని 1937లో ప్రపంచానికి తెలిసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని మన నెల్లూరు ప్రాంతం నుంచే. ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్లలో కుర్రవాళ్ల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు రాశారు. పాత రోగమేలెమ్మని సరిపెట్టుకోకుండా, ఈ కొత్త వంకర ఎందుకొచ్చిందని అడిగి తిండి దాకా, జొన్నల దాకా వెళ్లారు. బయట చూస్తే, జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గని దగ్గర 2007లో శాంతి కోసం పనిచేసే డాక్టర్ల సంఘం ఒకటి దగ్గరి ఊళ్లనీ దూరపు ఊళ్లనీ పోల్చి సర్వే చేసింది. దాని ఫలితాల మీద వాదన ఉంది, ఉండనివ్వండి. పోల్చింది కాబట్టే వాదించడానికి వీలైంది.

వేముల మండలానికి కావాల్సింది అదే. అదే జాతి రాయి ఉండి గని లేని ఊళ్లు పోలికకు కావాలి. ఏడాదికి రెండుసార్లు అవే బోర్లు, అవే ఇళ్లు. ఆశా కార్యకర్తకు ఇంటింటి గడప తెలుసు, ఎవరు ఎక్కడికి వలసపోయారో కూడా తెలుసు. రాళ్లూ నీళ్లూ చూడటానికి యోగి వేమన విశ్వవిద్యాలయం, మనుషుల్ని చూడటానికి కడప రిమ్స్ ఉన్నాయి. ఎంబీబీఎస్ విద్యార్థి ప్రతి ఒక్కరూ కొన్ని పల్లె కుటుంబాలను దత్తత తీసుకుని చదువు సాగినంతకాలం వాళ్ల ఆరోగ్యం చూడాలన్న నియమం ఇప్పుడు ఉండనే ఉంది. ఆ కుటుంబాల్లో కొన్నింటిని గని పక్కనున్న కె.కె.కొట్టాలలోనూ మబ్బుచింతలపల్లెలోనూ ఎంచుకోవడానికి కొత్త జీవో అక్కర్లేదు, వచ్చే బ్యాచ్ జాబితా రాసేటప్పుడు ఆ ఊళ్ల పేర్లు రాస్తే చాలు.