బలగము: క్రైస్తవ గృహస్థుని విచారణ

“ఇంటిల్లిపాదియు చూడదగిన చిత్రము” అను మాట సినిమా ప్రకటనలలో తరచుగా కనబడుచుండును. ఎవరి యింటికి తగినది, ఏ ధర్మము నవలంబించు నింటికి తగినది యని యడుగువారు తక్కువ. మన క్రైస్తవ కుటుంబములలో ఈ విషయమున రెండు పక్షములున్నవి. కొందరు సినిమా యన్నంతనే పాపమని తలుపు మూసికొందురు. కొందరు సర్కారువారి ధ్రువపత్రము చాలునని బిడ్డలను ప్రతి చిత్రమునకును బంపుదురు. రెండు పక్షములవారును విచారణ యను శ్రమను దప్పించుకొనువారే. అన్నిటిని పరీక్షించి మేలైనదానిని నిలుపుకొనవలెనని థెస్సలొనీక సంఘమునకు పౌలు చెప్పిన బుద్ధి యిరువురకును పట్టలేదు.

ఈ సంగతిని గాలిలో చర్చించుటకంటె ఒక చిత్రమును దీసికొని పరిశీలించుట మేలు. 2023వ సంవత్సరము మార్చి నెలలో వెలువడిన ‘బలగం’ మన ప్రాంతపు కథ. వేణు యెల్దండికి దర్శకుడుగా నిది మొదటి చిత్రము. పూర్వము కరీంనగరము జిల్లాలో భాగమై, 2016లో ప్రత్యేక జిల్లాగా నేర్పడిన సిరిసిల్ల ప్రాంతపు బ్రదుకును, యాసను ఇందు చూడవచ్చును. ఊరూర తెరలు గట్టి, ఆరుబయట కూర్చుండి జనులు దీనిని చూచిరి. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిదైన నిర్మల్ ప్రాంతమున, తగవుపడి విడిపోయిన అన్నదమ్ములు దీనిని చూచి కలిసికొనిరని పత్రికలు వ్రాసినవి. ఊరంతయు చూచు చిత్రమును మన బిడ్డలు చూడకుండ నాపగలమా యనునది యొక ప్రశ్న. ఆపదగునా యనునది అంతకంటె పెద్ద ప్రశ్న.

కథ చిన్నది. కొమురయ్య యను వృద్ధుడు మరణించును. అప్పులలో మునిగి, రానున్న కట్నముపై నాశ పెట్టుకొన్న మనుమడు సాయిలునకు, తాత పోయిన దుఃఖముకంటె తన పెండ్లి చెడునను భయమే యెక్కువ. కొమురయ్య కొడుకునకును అల్లునకును, ఏనాడో విందులో నల్లి బొక్క వడ్డింపలేదని పుట్టిన పంతము చావింట మరల రగులును. దినములలో పెట్టిన కూటిని పిట్ట ముట్టదు. తుదకు పదునొకండవనాడు బుడగ జంగముల పాట విని, అందరును కరగి యొక్కటైన పిమ్మటనే పిట్ట ముట్టును.

“పిట్టకు పెట్టు చిత్రము మన పిల్లలకేల?” అని మా సంఘ పెద్ద యొకరు నన్నడిగిరి. ఆ మాటను నేను తేలికగా దీసివేయను. మన తాతలు బాప్తిస్మము పొందిననాడు ఇట్టి కర్మలను విడిచిరి. అందువలన బంధువుల యెడబాటును సహించిరి. ఆ చరిత్రను జెప్పక బిడ్డలను తెరముందు కూర్చుండబెట్టుట తల్లిదండ్రుల లోపమే. ఐనను, చూచుట వేరు, నమ్ముట వేరు. రామాయణమును జదువక నేను సంస్కృతము నేర్వలేదు. గ్రీకు దేవతల నెరుగక ఆంగ్ల కవిత్వమును నేర్వలేదు. ఆంగ్లికను సంఘమున 1912లో బిషపు పదవి నందిన తొలి భారతీయుడు అజరయ్యగారు. ఆయన డోర్నకల్లులో నిర్మింపజేసి 1939లో ప్రతిష్ఠించిన ఆలయమున హిందూ, మహమ్మదీయ శిల్పరీతులు రెండును గలవు. పరుల రూపమును జూచినంతనే బెదరక, అందులో తన యారాధనకు దగినదానిని యెన్నుకొనుట ఆయన వివేకము. మనకును అది మార్గము.

ఇక చిత్రము చెప్పు నీతిని జూతము. బలిపీఠమునొద్దకు కానుక తెచ్చినవాడు, తన సహోదరునకు తనపై విరోధము గలదని తలంపునకు వచ్చినయెడల, కానుకను అచ్చటనే విడిచి మొదట వానితో సమాధానపడి రావలెనని ప్రభువు కొండమీద బోధించెను. చిత్రములో చెల్లనిది పిట్టకు పెట్టిన కూడు. సువార్తలో చెల్లనిది దేవునికి దెచ్చిన కానుక. రెంటికిని అడ్డము సహోదర ద్వేషమే. భేదమును గూడ బిడ్డకు జెప్పవలెను. అచ్చట మృతుని తృప్తికొరకును, లోకుల నిందకు వెరచియు కలియుదురు. మనము దేవునిచే ముందుగా క్షమింపబడినవారము గనుక కలియవలెను.

నాకు గనబడిన దోషములు వేరు. ఈ చిత్రములో మగవారి కూడిక తరచుగా సీసా చుట్టునే జరుగును. మన పల్లెల నడవడి యట్లేయున్నది, కాదనను. కాని త్రాగుడు చేయు నష్టము కంటె దానివలన బుట్టు నవ్వే తెరపై నెక్కువగా గనబడును. కట్నముతో అప్పు తీర్చుకొందునను సాయిలు ఆలోచనయు, మేనత్త కూతురిని ఆస్తికై వలపించు ప్రయత్నమును నవ్వులోనే సాగిపోవును. కావ్యము చేయు బోధ ప్రియురాలి మాటవంటిదని మమ్మటుడు చెప్పెను. ఆజ్ఞాపింపక మనసును ద్రిప్పుటయే దాని బలము. కావున దేనిని జూచి మనము నవ్వితిమో దానిని మనము కొంత సహించితిమన్నమాటయే. పిండమును జూచి బెదరు పెద్దలు సీసాను జూచి నవ్వుట నాకు వింతగా దోచినది.

క్రీస్తు కథయైనంతమాత్రమున ఈ పరీక్ష తప్పదు. 1980లో బాపు తీసిన ‘రాజాధిరాజు’లో సాతానుగా నటించిన నూతన్ ప్రసాదునే పలువురు నేటికిని తలంతురు. భక్తి చిత్రమునందును ప్రేక్షకుని ప్రీతి యెటు పోవుచున్నదో కనిపెట్టవలసినదే.

ఈ పని సర్కారు చేయజాలదు. 1952 నాటి సినిమా చట్టమునకు 2023లో జరిగిన సవరణచే, పెద్దల తోడుతో చూడవలసిన చిత్రములను ఏడు, పదుమూడు, పదునారు ఏండ్ల వయసులనుబట్టి విభజించు పద్ధతి యేర్పడినది. మేలే. కాని ఆ యంకె బిడ్డ వయసును మాత్రమే చెప్పును. ఆ బిడ్డ యింటి ధర్మమును చెప్పదు. పరీక్షకు నిలువక దాగియుండు సద్గుణమును మెచ్చజాలనని 1644లోనే మిల్టను వాదించెను. తోడు కూర్చుండి, ముగిసిన పిమ్మట మాటలాడు తండ్రియే బిడ్డకు తగిన పరీక్షాధికారి.

నేనట్లే చేసితిని. చిత్రము ముగిసి యింటికి వచ్చుచుండగా మా పాప యడిగెను: “బాపూ, మనకు పిట్ట ముట్టుడు లేదు గదా. మరి నువ్వు పెద్దబాపుతోని మాట్లాడుతలేవని మనకెవలు చెప్పాలె?” పొలము గట్టు విషయమై నాకును మా యన్నకును మూడేండ్లుగా మాటలు లేవు. ఆ మూడేండ్లును మే మిద్దరమును ప్రభు భోజనమున పాల్గొనుచునే యుంటిమి. బిడ్డ కొరకు చిత్రమును విమర్శింప బూనిన నేను ఆనాడు సమాధానము చెప్పలేకపోతిని. మరునాడు అన్న యింటికి పోతిని. గట్టు తగవు ఇంకను తీరలేదు. మాటలు మాత్రము మొదలైనవి.

కావున తోటి తల్లిదండ్రులకు నేను జేయు మనవి యిది. ఏ చిత్రమును జూచినను మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇది యే మంచిని ప్రియముగా జూపినది? ఏ చెడును నవ్వులో దాటించినది? చూచి వచ్చిన పిమ్మట మన యింట దిద్దుకొనవలసినదేమి? మూడవ ప్రశ్నను మొదట మనమే యెదుర్కొన్నచో, మొదటి రెంటిని బిడ్డలకు నేర్పు నర్హత మనకు గలుగును.