వేలికి తెలిసే దూరం

జైనూర్ మండలం ఉషేగాంలో ఓజా కళాకారుల డోక్రా పనిని వీడియో తీయాలనుకుంటే కెమెరా కన్నా ముందు గది గురించి ఆలోచించాలి. పదడుగుల గది, ఒకటే దర్వాజ. వెలుతురంతా అందులోంచే రావాలి. ఒక మనిషి కింద కూర్చుని, మట్టి మూస మీద మైనపు దారాన్ని సందు లేకుండా పక్కపక్కనే చుడుతుంటాడు. దానిమీద మళ్లీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి ఇత్తడి దిగుతుంది. ఒక మూసకు ఒకటే వస్తువు. కరిగిన మైనాన్ని మళ్లీ చూపించలేం కాబట్టి ఈ పనికి రెండో టేక్ లేదు.

ఆటోఫోకస్‌ను ఇక్కడ నమ్మలేకపోవడానికి కారణం అదే. మసక గదిలో సన్నని మైనపు దారాన్ని అది తరచూ పట్టుకోలేదు. వెనక దర్వాజ తెల్లగా మెరిస్తే అటు పోతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ ఊగిసలాటలో వేలి కదలిక పోయిందంటే పోయినట్టే.

ఎంత వెడల్పు లెన్సు కావాలి? ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో రెండు మీటర్ల దూరం నుంచి 50 ఎం.ఎం. చూపించేది మీటరున్నర వెడల్పు కూడా కాదు. 28 రెండున్నర మీటర్లు చూపిస్తుంది, 24 మూడు మీటర్లు, 20 మూడున్నర దాటుతుంది. 20 చూడగానే ఆశ పుడుతుంది కానీ ఫ్రేము అంచుకు వచ్చిన గుండ్రని చెంబు అందులో కోడిగుడ్డులా సాగుతుంది. పనివాడు చేతిలో తిప్పి తిప్పి తెచ్చిన గుండ్రాన్ని నా లెన్సు చెడగొట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే 24 దగ్గర ఆగాను. సెన్సర్ చిన్నదైతే, అంటే ఏపీఎస్-సీ అయితే, ఇదే చూపుకు 16 ఎం.ఎం. పెట్టుకోవాలి.

నా చేతిలో ఉన్నది నికాన్ వారి 24 ఎం.ఎం. ఎఫ్/2.8 నిక్కోర్. ఈ లెన్సు మొదటి రూపం 1967లో వచ్చింది. నికాన్ ఎస్సెల్లార్ కెమెరాలో లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్ముకు 46.5 మిల్లీమీటర్లు. మధ్యలో అద్దం లేచి పడాలి కదా. 24 ఎం.ఎం. లెన్సును అంత దూరంలో నిలబెట్టడానికి ముందు భాగంలో కాంతిని విడదీసే గాజులు, వెనక దాన్ని కూడగట్టే గాజులు అమర్చారు. ఫొటో కెమెరాలకు ఈ దారి చూపింది ఫ్రాన్స్‌లో ఆంజెన్యూ కంపెనీ, 1950లో. దాంతో ఒక చిక్కు వచ్చింది. దూరానికి చక్కగా సరిచేసిన లెన్సు దగ్గరి వస్తువుకు వచ్చేసరికి అంచుల్లో మెత్తబడుతుంది. నికాన్ వాళ్లు ఫోకస్ తిప్పినప్పుడు గాజులన్నీ ఒకే ముద్దగా జరగకుండా, వాటి మధ్య ఎడం కూడా మారేలా చేశారు. ఈ ఏర్పాటు పొందిన మొదటి నిక్కోర్ ఇదే. తొమ్మిది గాజులు పాతిక తులాల లోహపు గొట్టంలో సర్దుకుని 30 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వస్తాయి.

నేను మురిసిపోయేది మాత్రం దాని రింగును చూసే. లోపల మర కోసిన గొట్టాలు ఒకదాంట్లో ఒకటి తిరుగుతాయి, మధ్యలో పలచగా గ్రీజు. వేలు ఆపితే అక్కడే ఆగుతుంది. రెండు చివర్లా గట్టిగా తట్టుకుంటుంది. ఆ అంచు నుంచి ఎంత తిప్పానో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. ఇప్పటి చాలా లెన్సుల్లో రింగు అంతులేకుండా తిరుగుతూనే ఉంటుంది, లోపల మోటారు దాని మాట విని జరుగుతుంది. అక్కడ వేలికి గుర్తు దొరకదు. ఇక్కడ మీటర్లు, అడుగులు లోహంలో చెక్కి రంగు నింపారు. ఒక్కో అపర్చర్ అంకెకు ఒక్కో రంగు, ఎంత లోతు స్పష్టంగా ఉంటుందో చెప్పే గీతలకూ అవే రంగులు. ఎఫ్/4 పెట్టి మీటరున్నర దగ్గర ఫోకస్ చేస్తే సుమారు 1.15 నుంచి 2.2 మీటర్ల దాకా బాగుంటుంది. కూర్చున్న మనిషికి, ఆయన ఒళ్లో పనికి అది చాలు.

ఈ లెన్సులో వీడియోకు అడ్డొచ్చేది అపర్చర్ రింగు క్లిక్కు. దాని టకటక మైకులో పడుతుంది, వెలుగు మెట్లుమెట్లుగా మారుతుంది. మెకానిక్ చేత ఆ క్లిక్కు తీయించుకోవచ్చు, లేదా షాటు మధ్యలో ముట్టకుండా ఉండొచ్చు. పాత లెన్సు కొనేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి ఫంగస్ చూడండి, రింగు రెండు వైపులా ఒకే బరువుతో తిరుగుతోందా చూడండి. సోనీ మిర్రర్‌లెస్ కెమెరాకు తగిలించడానికి గాజు లేని ఒట్టి గొట్టం, 28.5 మిల్లీమీటర్లది, సరిపోతుంది.

ఇదే జైనూర్ మండలంలోని మార్లవాయిలో 1940లలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ భార్యతో కలిసి ఉన్నారు. ఆయన గోండుల మధ్య తీసిన ఫొటోలు, చలనచిత్రాలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. అప్పటికి ఆటోఫోకస్ పుట్టలేదు. ఆ చిత్రాల్లో స్పష్టంగా నిలిచిన ప్రతి ముఖం వెనకా రింగు తిప్పిన చెయ్యి ఉంది.

ఉషేగాం గదిలో దర్వాజ పక్కన నేల మీద కూర్చుంటాను. రింగు మీద రెండు చోట్ల టేపు ముక్కలు: ఒకటి 0.4 మీటర్ల దగ్గర, ఇంకోటి 1.2 దగ్గర. ముందు మైనపు దారం చివర, దాన్ని నొక్కుతున్న గోరు. పనివాడు దారం తుంచి తల ఎత్తుతాడు. నా వేలు మొదటి టేపు వదిలి రెండోదాని దగ్గరికి, ఆయన తల లేచినంత నెమ్మదిగానే, జరుగుతుంది.