రొమ్ము ఆరోగ్యంపై రాతలు: సగం శాస్త్రం, సగం ఊహ

ఆరోగ్య శీర్షికల్లో తరచు కనిపించే వ్యాసం ఒకటుంది. స్త్రీ జీవితంలోని వివిధ దశల్లో రొమ్ములో వచ్చే మార్పులను వివరిస్తూ అది మొదలవుతుంది. రజస్వల కావడం, నెలసరి, గర్భం, పాలివ్వడం, ముట్లుడగడం వంటి దశల్లో ఏ హార్మోను ఏం చేస్తుందో చెబుతుంది. సగం దూరం వెళ్ళాక దారి మారుతుంది. లైంగిక జీవితం వల్ల రొమ్ముకు కలిగే లాభాల జాబితా మొదలవుతుంది. రొమ్ము పెరుగుతుందట, బిగువు తగ్గదట, క్యాన్సర్ రాదట! మొదటి సగం పాఠ్యపుస్తకం నుంచి వచ్చింది. రెండో సగం ఎక్కడి నుంచి వచ్చిందో రాసినవారు చెప్పరు. రెండింటినీ ఒకే ధీమాతో రాస్తారు కనుక, చదివేవారికి రెండూ శాస్త్రంలాగే కనిపిస్తాయి.

ఇది చిన్న విషయమని తోసివేయడానికి వీల్లేదు. మన ఇళ్ళలో ఈ విషయం మాట్లాడేవారు తక్కువ. తరగతి గదిలో ఈ పాఠం వచ్చినప్పుడు "ఇంటిదగ్గర చదువుకోండి" అని పేజీ తిప్పేసే ఉపాధ్యాయులు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఖాళీని నింపేవి ఈ రాతలే. వాటిలో తప్పుంటే, తనలో ఏదో లోపం ఉందని పదిహేనేళ్ళ అమ్మాయి లోలోపల కుమిలిపోతుంది. చూపించుకోవలసిన గడ్డను యాభై ఏళ్ళ తల్లి చూపించుకోదు. కాబట్టి ఈ రాతలను ఒకసారి పరీక్షించి చూద్దాం.

మొదటి సగంలో ఒప్పులు, కొరతలు

ముందు ఒప్పుల సంగతి. మన శరీరంలోని చాలా అవయవాలు పుట్టుకతోనే దాదాపు పూర్తి రూపంలో ఉంటాయి. రొమ్ము అలా కాదు. దాని నిర్మాణంలో ఎక్కువ భాగం పుట్టిన తరువాతే, అదీ విడతలు విడతలుగా జరుగుతుంది. ఎక్కువమంది ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ళ మధ్య అండాశయాలు ఈస్ట్రోజన్‌ను విడుదల చేయడం మొదలుపెడతాయి. చనుమొన కింద చిన్న బొడిపె కనిపిస్తుంది. యౌవనారంభానికి సాధారణంగా అదే మొదటి గుర్తు. సుమారు రెండేళ్ళ తరువాత మొదటి బహిష్టు వస్తుంది. ఈ ఎదుగుదలను ఐదు దశలుగా విభజించి బ్రిటిష్ వైద్యులు మార్షల్, టానర్ 1969లో ప్రచురించిన వర్ణననే పిల్లల వైద్యులు నేటికీ వాడుతున్నారు.

నెలనెలా అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ పెరుగుతుంది. రొమ్ములో నీరు చేరి, బహిష్టుకు కొద్ది రోజుల ముందు బరువుగా, నొప్పిగా అనిపించవచ్చు. బహిష్టు మొదలయ్యాక అది తగ్గుతుంది. గర్భం వచ్చినప్పుడు ఈస్ట్రోజన్ ప్రభావంతో పాలనాళాలు కొమ్మలు వేస్తాయి. ప్రొజెస్టిరాన్ ప్రభావంతో పాలు తయారుచేసే చిన్న తిత్తులు గుత్తులు గుత్తులుగా ఏర్పడతాయి. పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ప్రొలాక్టిన్ పాలను తయారుచేయిస్తుంది. అయితే మావి నుంచి వచ్చే ప్రొజెస్టిరాన్ ఎక్కువగా ఉన్నంత కాలం పాలు ధారాళంగా రావు. కాన్పులో మావి బయటికి వచ్చి ప్రొజెస్టిరాన్ పడిపోయాకనే పాలు పడతాయి. బిడ్డ చప్పరించినప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ ఆ పాలను బయటికి నెడుతుంది. పాలు మాన్పించాక తిత్తులు చాలావరకు కుంచించుకుపోతాయి. ముట్లుడిగాక గ్రంథి కణజాలం తగ్గి, ఆ చోటును కొవ్వు ఆక్రమిస్తుంది.

ఇంతవరకు బాగానే ఉంది. కొరతలు రెండు.

మొదటిది, మనిషికీ మనిషికీ ఉండే తేడాను ఈ వ్యాసాలు చెప్పవు. ఒక వైపు ముందుగా, మరొక వైపు కొన్ని నెలలు ఆలస్యంగా పెరగడం మామూలే. ఎదిగాక రెండూ సరిగ్గా ఒకే పరిమాణంలో లేకపోవడమూ మామూలే. పరిమాణంలోని తేడాకు ముఖ్య కారణం కొవ్వు. అందువల్ల చిన్న రొమ్ముకు పాలు చాలవన్న మాట నిజం కాదు. మగపిల్లల సంగతి అసలే రాయరు. యౌవనారంభంలో దాదాపు సగం మంది అబ్బాయిలకు చనుమొన కింద బిళ్ళలాంటి వాపు వస్తుంది. హార్మోన్ల సమతూకం కుదురుకునే కొద్దీ చాలామందిలో ఒకటి రెండేళ్ళలో అదే పోతుంది. ఈ రెండు వాక్యాలు చదవక ఎంతమంది అబ్బాయిలు ఆటలకు వెళ్ళడం మానుకున్నారో!

రెండో కొరత భాషలో ఉంది. ముట్లుడిగిన తరువాతి దశ గురించి రాసేటప్పుడు "అందం కోల్పోతుంది", "పాడైపోతుంది" అంటారు. కొవ్వు శాతం పెరిగిందనడం శాస్త్రం. పాడైందనడం తీర్పు. పాలివ్వడం వల్ల రొమ్ము జారిపోతుందన్న మాట కూడా ఇలాంటిదే. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ వైద్యులు 2008లో ప్రచురించిన పరిశీలన దీన్ని సమర్థించలేదు. వయసు, శరీర బరువు, గర్భాల సంఖ్య, పొగతాగడం వంటివాటితో సంబంధం కనిపించింది గాని, పాలివ్వడంతో కనిపించలేదు. వంద మందికి లోపు స్త్రీలపై జరిగిన చిన్న పరిశీలన అది. అయినా, ఏ పరిశీలనా లేకుండా చెప్పే మాటకంటే నయం. తల్లులను పాలిచ్చేందుకు వెనుకాడేలా చేసే మాటను ఆధారం లేకుండా రాయడం నేరం కాకపోవచ్చు, బాధ్యత మాత్రం కాదు.

సన్యాసినుల కథ

ఇక రెండో సగం. పెళ్ళయ్యాక రొమ్ము పెరగడానికి లైంగిక జీవితమే కారణమంటారు. భార్యాభర్తల సాన్నిహిత్యంలో రక్తప్రసరణ పెరిగి వచ్చే మార్పు కొద్దిసేపు ఉండి పోతుంది. అది కొత్త కణజాలాన్ని తయారుచేయదు. పెళ్ళి తరువాత కనిపించే శాశ్వత మార్పులకు గర్భం, బరువు పెరగడం, వయసు వంటి కారణాలు ఎదురుగానే ఉన్నాయి.

క్యాన్సర్ రాదన్న మాటకు మాత్రం ఒక చరిత్ర ఉంది. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీనీ వృత్తుల వల్ల వచ్చే వ్యాధులపై 1700లో ఒక గ్రంథం ప్రచురించాడు. 1713లో దాన్ని విస్తరించి రెండో కూర్పు తెచ్చాడు. క్రైస్తవ మఠాల్లోని సన్యాసినుల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని ఆయన గమనించాడు. గర్భాశయానికీ రొమ్ముకూ ఏదో సంబంధం ఉందని ఊహించాడు. హార్మోన్ అన్న మాట పుట్టిందే 1905లో. దానికి రెండు వందల ఏళ్ళ ముందు చేసిన గొప్ప పరిశీలన అది.

ఈ పరిశీలన నుంచి "బ్రహ్మచర్యం వల్ల క్యాన్సర్ వస్తుంది, కాబట్టి లైంగిక జీవితం దాన్ని ఆపుతుంది" అన్న నిర్ణయానికి మన వ్యాసాలు ఒక్క గంతులో చేరుకుంటాయి. కాని సన్యాసినికీ సంసారికీ ఒక్క తేడాయేనా ఉన్నది? సన్యాసిని గర్భం దాల్చదు. కాన్పు ఉండదు. బిడ్డకు పాలివ్వదు. ఏ ఆటంకమూ లేకుండా ఏళ్ళ తరబడి నెలసరి వస్తూనే ఉంటుంది. వీటిలో ఏది కారణం?

దాన్ని విడదీయడానికి శాస్త్రజ్ఞులకు చాలా కాలం పట్టింది. 1926లో బ్రిటన్‌లో జానెట్ లేన్-క్లేపన్ అనే మహిళా శాస్త్రజ్ఞురాలు రొమ్ము క్యాన్సర్ ఉన్న 500 మందినీ, లేని 500 మందినీ పోల్చి చూశారు. వ్యాధి ఉన్నవారిలో పిల్లల సంఖ్య తక్కువగా ఉందని తేలింది. 1970లో బ్రయన్ మెక్‌మేహన్, ఆయన సహచరులు పలు దేశాల సమాచారాన్ని కలిపి చూశారు. మొదటి కాన్పు 35 ఏళ్ళ తరువాత జరిగినవారితో పోలిస్తే, 18 ఏళ్ళలోపే జరిగినవారిలో ప్రమాదం సుమారు మూడో వంతే ఉంది. 2002లో 30 దేశాలకు చెందిన 47 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. అందులో క్యాన్సర్ ఉన్న స్త్రీలే 50,302 మంది. ప్రతి కాన్పుకు ప్రమాదం 7 శాతం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు మరో 4.3 శాతం తగ్గుతున్నట్లు తేలింది.

ఈ లెక్కలన్నీ చూపిస్తున్నది గర్భాన్నీ, పాలివ్వడాన్నీ. నిండు గర్భంలో రొమ్ములోని కణాలు పాలిచ్చే పనికి పూర్తిగా పరిణతి చెందుతాయి. అలా పరిణతి చెందిన కణాలు క్యాన్సర్ వైపు తేలికగా మళ్ళవని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. సన్యాసినుల కథలో అసలు పాత్ర వీటిదే. లైంగిక జీవితం వీటి పక్కన నిలబడి ఫొటోలో పడింది, అంతే. ఆక్సిటోసిన్ క్యాన్సర్‌ను చంపుతుందన్న మరో మాట కూడా ఉంది. ప్రయోగశాలలో గాజుపాత్రలోని కణాలపై కనిపించిన ఫలితం బతికి ఉన్న మనిషికి రక్షణ కాదు. వాటి మధ్య దాటవలసిన మెట్లు చాలా ఉన్నాయి.

తప్పుగా చదివితే ముప్పు

ఇక్కడ మరొక జాగ్రత్త అవసరం. 1970 నాటి లెక్క చూసి "అయితే ఆడపిల్లకు తొందరగా పెళ్ళి చేస్తే మంచిదన్నమాట" అనేవారు ఉంటారు. అది ఘోరమైన తప్పు. చిన్న వయసులో గర్భం వస్తే తల్లికి రక్తహీనత, గుర్రపువాతం వంటి ప్రమాదాలు, బిడ్డకు తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఎక్కువ. ఎప్పుడో నడివయసులో రాగల ఒక వ్యాధి అవకాశాన్ని తగ్గించడానికి ఇప్పుడు ప్రాణాన్ని పణంగా పెట్టమని ఏ వైద్యశాస్త్రమూ చెప్పదు. 18 ఏళ్ళలోపు ఆడపిల్లకు పెళ్ళి చేయడం చట్టవిరుద్ధం కూడా. పైగా లెక్క అంత సూటిగానూ లేదు. సుమారు 8,90,000 మంది స్త్రీల సమాచారంతో 2019లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, కాన్పు తరువాత కొన్నేళ్ళపాటు ప్రమాదం కొద్దిగా పెరుగుతుంది. రక్షణ కనిపించడానికి ఇరవై ఏళ్ళకు పైగా పడుతుంది. జనసమూహాల సగటు లెక్కను ఒక మనిషికి సలహాగా మార్చడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ రాతల పక్కనే తరచు ప్రకటన కూడా ఉంటుంది. ఫలానా లేపనం, ఫలానా మాత్ర రొమ్మును తీర్చిదిద్దుతుందట. మన దేశంలో 1954లో వచ్చిన అభ్యంతరకర ఔషధ ప్రకటనల చట్టం, మందుల పేరుతో ప్రచారం చేయకూడని విషయాల జాబితాలో స్త్రీల రొమ్ము ఆకృతిని స్పష్టంగా చేర్చింది. చట్టం వచ్చి డెబ్బై ఏళ్ళు దాటింది. ప్రకటనలు మాత్రం ఆగలేదు. మామూలు తేడాను జబ్బని నమ్మిస్తేనే ఆ సరుకు అమ్ముడుపోతుంది. వ్యాసం భయాన్ని నాటుతుంది, ప్రకటన పంట కోసుకుంటుంది.

రాయవలసింది రాయకపోవడం

లాభాల జాబితాకు అంత చోటిచ్చే ఈ వ్యాసాలు అసలు అవసరమైన సమాచారాన్ని వదిలేస్తాయి. భారతదేశంలో స్త్రీలకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రొమ్ము క్యాన్సరే. అంతర్జాతీయ అంచనా ప్రకారం 2022లో సుమారు 1,92,000 కొత్త కేసులు, సుమారు 98,000 మరణాలు సంభవించాయి. హార్మోన్ల గురించి ఇంత రాసేవారు, ముట్లుడిగాక హార్మోన్ మాత్రలు వాడడం గురించిన జాగ్రత్త కూడా రాయాలి కదా! అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరిగిన ప్రయోగాన్ని 2002లో మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి తీసుకున్నవారిలో ఏడాదికి ప్రతి 10,000 మందికి రొమ్ము క్యాన్సర్ కేసులు 8 అదనంగా వచ్చాయి. అందుకే ఇప్పుడు ఆ మందులను అవసరమైనవారికి, లాభనష్టాలు బేరీజు వేసి ఇస్తున్నారు.

నెలనెలా స్వయంగా పరీక్షించుకోవాలన్న సలహా పాతబడింది. షాంఘై బట్టల మిల్లుల్లోని 2,66,064 మంది మహిళలపై జరిగిన ప్రయోగ ఫలితాలు 2002లో వచ్చాయి. పద్ధతి ప్రకారం స్వయంపరీక్ష నేర్పించినవారిలో మరణాలు తగ్గలేదు. హాని లేని గడ్డలకు అనవసరపు పరీక్షలు మాత్రం పెరిగాయి. మరి ఏం చేయాలి? జవాబు మన దేశంలోనే ఉంది. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 1998లో మొదలుపెట్టి, 1,51,538 మంది స్త్రీలపై ఇరవై ఏళ్ళపాటు ఒక అధ్యయనం జరిపారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేతితో పరీక్షించారు. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. మొత్తం మీద మరణాల్లో వచ్చిన 15 శాతం తగ్గుదల కాకతాళీయం కాదని చెప్పేంత బలంగా లేదు. యాభై ఏళ్ళు దాటినవారిలో మాత్రం మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ఖరీదైన యంత్రం లేకుండా సాధించిన ఫలితమిది. లాభాల జాబితాలో దీనికి ఒక్క వాక్యమైనా దొరకదు.

విద్యార్థులు తెలుసుకోవలసింది సులభమే. తమ శరీరం మామూలుగా ఎలా ఉంటుందో తెలిసి ఉండడం చాలు. నెలసరితో వచ్చిపోయే నొప్పి భయపడవలసింది కాదు. యౌవనంలో కనిపించే గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు. అయినా, కొత్తగా వచ్చి తగ్గని గడ్డ, చర్మంపై సొట్ట, లోపలికి తిరిగిన చనుమొన, రక్తంతో కూడిన స్రావం కనిపిస్తే ఏ వయసువారైనా వైద్యులకు చూపించాలి. ఈ మాట ఇంట్లో అమ్మకు, అమ్మమ్మకు, నాయనమ్మకు చెప్పాలి. సిగ్గుతో దాచిన ప్రతి నెలా చికిత్సను కష్టం చేస్తుంది. లైంగిక ఆరోగ్యం అనే మాటకు అర్థం ఇందులోనే ఉంది: సొంత శరీరం గురించి సరైన జ్ఞానం, బలవంతం లేని జీవితం, సంకోచం లేకుండా వైద్యం పొందగలగడం.

ఇలాంటి వ్యాసం మళ్ళీ కనిపిస్తే మూడు ప్రశ్నలు వేయండి. ఈ మాట ఎవరిని, ఎంతమందిని పరిశీలించి చెప్పింది? రెండు విషయాలు కలిసి కనిపించాయా, లేక ఒకటి మరొకదానికి కారణమని రుజువైందా? దీన్ని నమ్మితే ఎవరి సరుకు అమ్ముడవుతుంది? వీటికి జవాబు లేని వ్యాసాన్ని, ఎంత పెద్ద పత్రికలో వచ్చినా సరే, శాస్త్రంగా ఒప్పుకోనవసరం లేదు.