సురవరం ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వము - గోలకొండ కవుల సంచిక

పాలకుల భాష ఒకటియు, ప్రజల యింటి భాష మఱియొకటియు నైనచోట సాహిత్యము రెండు విధములుగా క్షీణించును. వ్రాయువారు లేక క్షీణించుట మొదటి విధము. వ్రాయువారుండియు, వారున్నారని లోకమునకు తెలుపు పత్రిక లేక క్షీణించుట రెండవ విధము. మొదటి కొఱతను కవి తీర్పవలెను. రెండవదానిని సంపాదకుడు తీర్పవలెను. నిజాం రాష్ట్రమున ఈ రెండవ కొఱతను గుర్తించి, దానిని తీర్చుటకు జీవితములో అధికభాగమును వెచ్చించినవారు శ్రీ సురవరం ప్రతాపరెడ్డిగారు. వారు కవులు, నాటకకర్తలు, కథకులు, పరిశోధకులు. అయినను వారి తక్కిన కృషికంతకును మూలము సంపాదకత్వమే. అందు 1934 లో వెలువడిన 'గోలకొండ కవుల సంచిక' గుణదోషములను విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28 వ తేదీన నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో, మాతామహుల యింట జన్మించిరి. వారి స్వగ్రామము అలంపురము చెంతనున్న ఇటిక్యాలపాడు. కర్నూలులోను, హైదరాబాదులోను చదివిన పిదప ఉన్నతవిద్యకై చెన్నపురి చేరి బి. ఏ., బి. ఎల్. పట్టములు పొందిరి. అచట వేదము వేంకటరాయశాస్త్రిగారి యొద్ద సాహిత్యము నభ్యసించిరి. తెలుగు సంస్కృతములే గాక ఉర్దూ, పారసీకము, ఆంగ్లము వారికి బాగుగా తెలియును. ఈ విషయము ముఖ్యమైనది. ఇతర భాషలు రానందున తెలుగును పట్టుకొని వ్రేలాడిన వ్యక్తి కాదాయన. రాజభాషలో రాణింపగల శక్తి యుండియు ఇంటి భాషకు తన కలమును సమర్పించినవారు.

ఆనాటి హైదరాబాదు పరిస్థితిని కొంత స్మరింపవలెను. తెలుగు మాటాడు ప్రజలు లక్షలలో నుండగా కార్యాలయములలోను, న్యాయస్థానములలోను ఉర్దూ నడుచుచుండెను. 1918 లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము బోధనభాషయు ఉర్దూయే. 1921 లో నగరమున జరిగిన ఒక సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప నారంభించగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. సభలు జరుపుటకు సర్కారు అనుమతి కావలెనను గస్తీ నిషాన్ 53 తరువాతి కాలమున ఆ నోటికి మఱింత బిగువుగా గుడ్డ కట్టినది.

ఇట్టి వాతావరణమున 1926 మే 10 వ తేదీన ప్రతాపరెడ్డిగారు 'గోలకొండ పత్రిక'ను వారమునకు రెండుసార్లు వెలువడునట్లు ప్రారంభించిరి. సంపాదకీయములు మొదలుకొని సాహిత్య విమర్శల వఱకు పలు విషయములు వారే వ్రాసిరి. కొన్నింటిని మాఱుపేర్లతో ప్రకటించిరి. వ్రాయువారు తక్కువగా నున్న దినములలో ఒక్కరే పదిమందియై పుటలు నింపుట వినోదముగా తోచవచ్చును. కాని ఆ పుటలను చదివి, తామును వ్రాయవచ్చునను ధైర్యము పొందిన పల్లెటూరి పాఠకుల దృష్టితో చూచినచో అది విత్తనము చల్లుట. 1930 లో జోగిపేటలో జరిగిన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ప్రథమ సమావేశమునకు ఆయననే అధ్యక్షునిగా ఎన్నుకొనుట ఆ కృషికి లభించిన గౌరవము.

ఇక సంచిక విషయము. నిజాం రాష్ట్రాంధ్రమున కవులు పూజ్యమను నర్థము వచ్చు వ్రాత యొకటి వెలువడినది. 'పూజ్యము' అను పదమునకు గౌరవింపదగినదనియు, సున్న యనియు రెండర్థములు గలవు. వ్రాసినవారి యభిప్రాయము రెండవదే. దీనికి ఆగ్రహముతో ఖండనవ్యాసము వ్రాసినచో కొన్ని దినములు వాదప్రతివాదములు సాగి చల్లారియుండును. ప్రతాపరెడ్డిగారు అట్లు చేయక, జిల్లాల నుండి కవుల రచనలను, వివరములను సేకరించి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ప్రత్యర్థి నోటిమాటకు అచ్చుపుస్తకము సమాధానమైనది.

ఈ సంచికను కేవలము కావ్యసంకలనముగా పరీక్షించినచో లోపములు కనబడకపోవు. పద్యరచనలో చేయితిరిగినవారును, ఛందస్సును మాత్రమే సాధించినవారును ఒకే పంక్తిలో కూర్చుండిరి. 354 మందిలో ప్రతియొక్కరును స్మరణీయుడైన కవి యగుట ఏ భాషలోనైనను అసంభవము. వడపోత తక్కువ యను నాక్షేపణ న్యాయమైనదే. అంతకంటె లోతైన ఆక్షేపణ యొకటి కలదు. కవులు లేరన్నవారికి సంఖ్యతో సమాధానము చెప్పుట, ప్రత్యర్థి గీచిన గీటులోనే నిలిచి పోరాడుట. కవులెందఱను ప్రశ్నకు సంచిక జవాబు చెప్పినది. కవిత్వమెట్టిదను ప్రశ్నను తరువాతివారికి విడిచినది.

అయినను ఒక గ్రంథమును దాని ప్రయోజనమును బట్టి తూచుట విమర్శధర్మము. ఇది పూలదండగా కట్టబడినది కాదు, సాక్ష్యపత్రముగా కూర్పబడినది. సాక్షులను పిలుచునపుడు కంఠమాధుర్యమును బట్టి ఎన్నుకొనరు. ఏ మారుమూల గ్రామములోనో తాటాకుల నడుమను, చేతివ్రాత పుస్తకములలోను ఉండిపోవలసిన రచనలు దీనివలన అచ్చునకెక్కినవి. వడపోత తరువాతి తరమువారు చేయవచ్చును. నశించినదానిని మాత్రము ఏ తరమువారును తేలేరు. కావున దోషమని పైన చెప్పిన విశాలతయే ఈ సంచికకు నేటి పరిశోధకుల దృష్టిలో ప్రధానగుణమైనది.

సంచిక విడిచిన ప్రశ్నకు ప్రతాపరెడ్డిగారే మఱియొక మార్గమున సమాధానము వెదకిరనవచ్చును. 1949 లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో వారు రాజుల యుద్ధములను ప్రక్కకునెట్టి, క్రీడాభిరామము, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి మున్నగు కావ్యముల నుండి ప్రజల తిండి, కట్టు, ఆటలు, వృత్తులు, నమ్మకములు త్రవ్వి తీసిరి. కవులను లెక్కించిన చేయియే ఇచట కవులను జనజీవనమునకు సాక్షులుగా నిలిపినది. పద్యము విలువ దాని అలంకారములలో మాత్రమే గాక, అది దాచియుంచిన జీవితములో గూడ నున్నదని ఈ గ్రంథము నిరూపించినది. 1952 లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన ప్రతాపరెడ్డిగారు 1953 ఆగస్టు 25 వ తేదీన పరమపదించిరి. 1955 లో కేంద్ర సాహిత్య అకాడమి తెలుగునకు ఇచ్చిన మొదటి పురస్కారము ఈ గ్రంథమునకే, వారి యనంతరము, లభించినది.

ఇతర దేశములలోను ఇట్టి సంపాదకులు గలరు. వేల్సు దేశమున కైడ్రిఖ్ రీస్ అను కవి 1937 లో 'వేల్స్' అను సాహిత్యపత్రికను స్థాపించి, డిలన్ థామస్ మున్నగువారి రచనలను ప్రకటించెను. 1944 లో ఆధునిక వేల్సు కవుల సంకలనము నొకదానిని లండనులో వెలువరించెను. పొరుగువారి నీడలో మఱుగుపడిన కవులను ఒకచోట నిలిపి చూపుట ఇరువురికిని సమానము. భేదమేమనగా రీస్ పత్రిక ఆంగ్లమున నడచినది. ప్రతాపరెడ్డిగారు ఇంటి భాషలోనే నడిపిరి. మొదటి మార్గమున లోకప్రసిద్ధి త్వరగా కలుగును. రెండవ మార్గమున భాషయే నిలుచును.

వేలూరు, గుడియాత్తము, కనియంబాడి ప్రాంతముల తెలుగువారికి ఈ చరిత్ర దూరమైనది కాదు. 1911 లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే నిలిచిపోయిన తెలుగు కుటుంబములు నేటికిని ఇండ్లలో తెలుగు మాటాడుచున్నవి. పోలిక కొంతవఱకే చెల్లును. హైదరాబాదున తెలుగు అధికసంఖ్యాకుల భాష, ఇచట అల్పసంఖ్యాకులది. ఇచట తమిళము ఇరుగుపొరుగుల భాష, అన్నము పెట్టు భాష. దానిని నేర్చుట మేలే. అయితే పదవ తరగతి వఱకు తమిళమును నిర్బంధభాషగా చేసిన 2006 నాటి చట్టము పిదప బడిలో తెలుగునకు గల చోటు ఇఱుకైనది. చదువుట వ్రాయుట రాని భాష ఒకటి రెండు తరములు నోట నిలిచి, పిదప వంటయింటి మాటలకు పరిమితమగును.

ఇచట తెలుగున వ్రాయువారు లేరని ఎవరైన అన్నచో వారిపై కోపగించుట సులభము. ప్రతాపరెడ్డిగారు చూపిన త్రోవ అంతకంటె కష్టమైనది. ఊరూరను వెదకి, ముసలివారి నోటి పాటను, బాలురు వ్రాసిన వంకరటింకర పద్యమును గూడ, ఊరి పేరుతో సహా వ్రాసి యుంచవలెను. వాని తారతమ్యమును విమర్శకులు పిదప తేల్చుకొందురు. ముందు వారి చేతికి పుస్తకము అందవలెను గదా.